తూకమా, పురియా?

మధురనుండి తెన్‌కాశికి పోవు బాటలో శ్రీవిల్లిపుత్తూరు గోపురమును వెనుకవైచి రాజపాళయము సమీపించునప్పటికి, కుడిచేతివైపున పడమటి కనుమలు ఎంత దగ్గరగా జరిగి వచ్చునో చూచినవారికే తెలియును. ఆ కొండల పాదముననున్నది మంసాపురము. నైరృతి మేఘము తన బరువంతయు ఆవలి కేరళముననే దింపుకొని, ఈవలికి చల్లని గాలిని, అప్పుడప్పుడు సన్నని తుంపరను మాత్రమే పంపును. ఈ నేలకు చెప్పుకోదగిన వాన ఆశ్వయుజ కార్తికములలో ఈశాన్యమునుండి రావలసినదే. అటువంటి తుంపర పడుచున్న యొక సాయంకాలమున, కోత ముగిసిన సప్పట్టై మామిడితోపులో, మేనమామ మేనల్లుళ్ల నడుమ నడచిన వాదమును నేను మూడవవాడనై వింటిని.

మామకు వయస్సు డెబ్బదియైదు దాటినది. జీవితమంతయు నూలుమిల్లులలో గడపి స్పిన్నింగు మాస్టరుగా విరమించినవాడు. ఇప్పటికిని ఎవరి యొంటిపై క్రొత్తచొక్కా కనబడినను, దాని యంచును వ్రేళ్లనడుమ నలిపి నూలు నంబరు చెప్పనిదే మాట మొదలుపెట్టడు. అల్లుడు కోయంబత్తూరులో వ్యాపారనిర్వహణము చదివి వచ్చి, చత్రపట్టిలో పండ్రెండు మరమగ్గములపై ఆసుపత్రుల కట్టుగుడ్డ నేయించుచున్నాడు. రాజపాళయమునకు చేరువనున్న ఆ యూరు ఆ గుడ్డకే పేరుపడినది. విజయనగరపు కాలమున తెలుగునేలనుండి దక్షిణమునకు తరలివచ్చిన రాజుకులస్థుల సంతతి ఈ మామాయల్లుళ్లది. ఇంట తెలుగు, బడిలో తమిళము. వారి తెలుగులోని నుడికారమును, అందులో పాలలో నీళ్లవలె కలిసిపోయిన తమిళపు పలుకులను ఉన్నవున్నట్లు దించుటకు నా కలము చాలదు గనుక, నాకు చేతనైన పుస్తకపు తెలుగులోనికి మార్చి వ్రాయుచున్నాను. అందలి దోషము నాది.

వాదమునకు మూలము అల్లుని చేతిలోని నోటుపుస్తకము. మొదటిపుటలో 48 అను అంకె బొటనవ్రేలంత లావున వ్రాయబడియున్నది. అయిదేండ్లలో నలువదియెనిమిది మగ్గములని దాని యర్థము. రెండవపుటలో తెల్లవారుజామున నాలుగింటికి లేచుట, ఎనిమిది కిలోల బరువు తగ్గుట, ఏడాదికి ఇరువదినాలుగు పుస్తకములు చదువుట, సొంత యిల్లు. మాటలు తెలుగువే, లిపి మాత్రము తమిళము.

మామ: మగ్గములకును నీ పొట్టకును ఒకటే పుస్తకమా, నాయనా?

అల్లుడు: రెంటికిని సూత్రమొక్కటే, మామయ్యా. మనస్సులో ఊరక తిరుగునది కోరిక. కాగితముమీద అంకెతోను గడువుతోను నిలిచినది లక్ష్యము. అమెరికాలో ఏల్ విశ్వవిద్యాలయమున 1953లో పట్టము పుచ్చుకొన్నవారిలో నూటికి ముగ్గురే తమ లక్ష్యములను వ్రాసిపెట్టుకొనిరట; ఇరువదియేండ్ల పిదప చూడగా ఆ ముగ్గురి సంపద తక్కిన తొంబదియేడుగురి సంపదను మించినదట!

ఇచ్చట నేను నోరు మెదపక తప్పలేదు. ఆ కథ వినుటకు ఇంపైనదే గాని, అట్టి పరిశోధన జరిగినట్లు ఆధారమే లేదు; ఫాస్టు కంపెనీ యను అమెరికను పత్రిక 1996లో ఆరాతీయగా, ఏల్‌లోనే దాని జాడ దొరకలేదు. ఉపన్యాసకులు ఒకరినుండి యొకరు విని చెప్పుకొనుచు వచ్చిన పుక్కిటిపురాణమది. అల్లుని ముఖము చిన్నబోయినది. కాని ఆతడు తగ్గువాడు కాడు, తగ్గవలసిన పనియు లేదు. ఆతని పక్షమున నిజమైన సాక్ష్యము వేరే కలదు.

అల్లుడు: సరే, దానిని కొట్టివేయుదము. గేరీ లేథం అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు మఱియొకరితో కలిసి 1975లో ప్రకటించిన పరిశోధన మాటయేమి? ఓక్లహోమాలో దుంగలు మోయు లారీలవారు చట్టము ఒప్పిన బరువులో నూటికి అరువదిపాళ్లు మాత్రమే ఎత్తుకొని పోవుచుండిరి. మీ శక్తికొలది ఎత్తుడని చెప్పినన్నాళ్లు మార్పు లేదు. తొంబదినాలుగుపాళ్లు ఎత్తవలెనని అంకె చెప్పిరి. కూలి పెంచలేదు, బహుమానమును లేదు. కొలదినెలలలో తొంబదిపాళ్లకు చేరినది. అంకెకు గల బలమది.

మామ: తొంబదినాలుగే ఎందుకు చెప్పిరి? నూటయిరువది ఎందుకు చెప్పలేదు?

అల్లుడు: చట్టము ఒప్పదు గదా. దుంగల బరువును కాటాపై తూచుదురు.

మామ: నీవు అంకెను చూచితివి, నేను కాటాను చూచుచున్నాను. అచ్చట లక్ష్యము పుట్టుటకు మునుపే హద్దు పుట్టియున్నది. హద్దులోపల నిలిచి పరుగెత్తుమన్నారు గనుక పరుగు శుభముగా ముగిసినది. హద్దు లేని పరుగు ఎట్లుండునో నన్నడుగుము.

మామ కథకు ముందు, నూలు నంబరనగానేమో ఎరుగనివారికి నా మాట యొకటి. పౌను నూలులో 840 గజముల చిలపలు ఎన్ని పట్టునో అదియే దాని నంబరు. నలువది పట్టిన నలువదవ నంబరు, నూరు పట్టిన నూరవ నంబరు. కావున నంబరు పెరిగినకొలది పోగు సన్నమగును, అదే కదురు అదే షిఫ్టులో తీయు తూకము తగ్గును. సన్ననూలు తీయు మిల్లును, ముదుకనూలు తీయు మిల్లును కిలోలలో పోల్చువాడు మల్లెపూలను గుమ్మడికాయలను ఒకే త్రాసులో తూచినట్లే. అందుకే మిల్లులవారు ఏ నంబరు ఉత్పత్తినైనను నలువదవ నంబరునకు మార్చి లెక్కగట్టి పోల్చుదురు.

మామ: నేను పనిచేసిన మిల్లులలో ఒకదాని సంగతి, పేరెందుకు? ఒక మార్చినెలలో, ఆఖరుతేదీకి ఇన్నివేల కిలోలని పైనుండి లెక్క వచ్చినది. వాకిట నల్లబల్ల పెట్టి, దినదినము సుద్దతో అంకె వ్రాయించిరి. ఇరువదవ తేదీకి వెనుకబడితిమి. నంబరు మార్చకుండ రింగుఫ్రేములో తూకము పెంచవలెనన్న, కదురు వేగమైనను పెంచవలెను, నూలులోని పురియైనను తగ్గించవలెను. వేగము పెంచిన పోగులు తెగును, అతుకు వేయువారు అందుకొనలేరు, అందరికిని తెలిసిపోవును. పురి తగ్గించిన ఎవ్వరికిని కనబడదు. అంగుళమునకు రెండుమూడు చుట్లు తగ్గిన, ముందురోలరు ఆ మేరకు వడివడిగా నూలు వదలును. ఒక పళ్లచక్రము మార్చిన చాలును. ఆ చక్రము మార్చినవాడను నేనే. ముప్పదియొకటవ తేదీకి బల్లమీద అంకె నిండినది. మిఠాయి పంచిరి, నేనును తింటిని. ఏప్రిలు నడుమ ఆ నూలు తిరిగివచ్చినది; పడుగునకు గంజిపెట్టు చోటనే తెగిపోయినదట. ఒక పోగు తీసి రెండుచేతుల లాగితిని. దూదివలె విడిపోయినది. నలువదేండ్లు గడచినవి, ఆ మెత్తదనము నా వ్రేళ్లను ఇంకను విడువలేదు.

కొంతసేపు తుంపర చప్పుడు తప్ప వేరొకటి వినబడలేదు.

అల్లుడు: మామయ్యా, అది లక్ష్యము చేసిన తప్పు కాదు, ఒకే యంకెను లక్ష్యమని భ్రమించినవారి తప్పు. ఈ సంగతి మాకును బోధింతురు. అమెరికాలోని వెల్స్ ఫార్గో బ్యాంకు ఉద్యోగులు, క్రొత్తఖాతాల లెక్క నింపలేక, ఖాతాదారులకు తెలియకుండ లేని ఖాతాలు లక్షలకొలది తెరచిరి. 2016లో ఆ బ్యాంకు పదునెనిమిదిన్నర కోట్ల డాలర్ల జుల్మానా చెల్లించినది. లక్ష్యములతో వ్యాపారము నడపుటను లోకమునకు నేర్పిన పీటర్ డ్రకర్ 1954 నాటి గ్రంథములోనే, వ్యాపారమునకు ఒక్క లక్ష్యము చాలదు, ఎనిమిది రంగములలో వేరువేరుగా ఉండవలెనని చెప్పెను. అందులో లాభమొకటి మాత్రమే, పనివారి నడత ఒకటి, సంఘముపట్ల బాధ్యత ఒకటి. మీకు మిల్లులో ఇచ్చినది లక్ష్యము కాదు, కొరడా.

మామ: బాగు. నీ పుస్తకము మొదటిపుటలో ఎన్ని అంకెలున్నవి?

ఒకటే యున్నది. అల్లుడు పుట త్రిప్పివేసెను. కాని వెంటనే తలయెత్తి, ఈసారి కొంత ఘాటుగనే అందుకొనెను.

అల్లుడు: మీవలె హద్దులను గూర్చియే ఆలోచించుచు కూర్చుండినవాడు ఏ పనియు మొదలుపెట్టడు. మన యూరినే చూడుడు. పి.ఎ.సి. రామస్వామిరాజుగారు 1936లో రాజపాళయము మిల్లును స్థాపించిరి. వాన నమ్మరాని ఈ యూర నూలుమిల్లు రావలెనని ఒక మనిషి నిశ్చయించుకొనకపోయిన, మీరు ఏ కదుళ్లనడుమ బ్రదికియుందురు? మూలధనమెంతయో అంకె వేసి చూపనిదే కంపెనీ నమోదే కాదు గదా. శివకాశిమాట చెప్పుదునా? అయ్యనాడారు, షణ్ముగనాడారు అను వారిద్దరు 1922లో కలకత్తా పోయినది అగ్గిపెట్టెల పని నేర్చుటకే; నేర్చివచ్చి ఆ పనియే పెట్టిరి. ఊరక దేశము చూచివత్తమని పోలేదు.

మామ: కాదనను. అగ్గిపుల్లకొరకు పోయినవారి యూరు ఇప్పుడు దేనికి పేరుపడినది? టపాకాయలకు, అచ్చుపనికి. అగ్గిపుల్లల మందు చేత పట్టుబడిన పిదప రంగుల మతాబులు తోచినవి. పెట్టెలకు అంటించు బొమ్మలకొరకు వచ్చిన అచ్చుయంత్రములు దేశమంతటికిని క్యాలెండర్లు అచ్చువేసినవి. రాజుగారి సంగతియు అంతే. 1936లో నూలు, 1939లో ఆసుపత్రి దూది, 1957లో సిమెంటు కంపెనీ. 1962లో ఆయన గతించిన పిదప, కొడుకు రామసుబ్రహ్మణ్యరాజాగారి కాలమున ఆ వంశపు పేరు కంప్యూటరు వ్యాపారమునకును ప్రాకినది. 1936లో ఏ నోటుపుస్తకమున కంప్యూటరని వ్రాయుదురు?

అల్లుడు: రెండవమెట్టు కనబడవలెనన్న మొదటిమెట్టు ఎక్కవలెను గదా! మొదటిమెట్టునకే నేను అంకె వేసినది.

ఈ మాటతో అల్లునిది పైచేయి యైనదని నాకు తోచినది. మామకును తోచినది కాబోలు, పొడికాయ తీసి పట్టు పట్టి, దారి మార్చెను.

మామ: ఈ మంసాపురపు రైతు ఏమి చేయునో చూడుము. తమిళులు కణ్మాయి యనెడి చెరువు ఉన్నది. కార్తికము ముగియునప్పటికి ఇన్ని యెకరములు నాటెదనని వాడు పలుకడు. చెరువు నిండిన పొలమంతయు, సగము నిండిన సగము. వానికి లక్ష్యము లేదనెదవా?

నాకు ఈ మాట వినగానే, నన్ను ఆ ప్రాంతమునకు రప్పించిన గ్రంథము గుర్తునకు వచ్చినది. శ్రీవిల్లిపుత్తూరి విష్ణుచిత్తుని కథను, ఆయన కూతురు గోదాదేవి కథను తెలుగున కావ్యము చేసిన కృష్ణదేవరాయలు, ఆ ఆముక్తమాల్యదలోనే రాజనీతిని చెప్పుచు, రాజు తన యాదాయమును నాలుగుపాళ్లు చేసి, రెండుపాళ్లు సేనకును, ఒకపాలు దానభోగములకును, ఒకపాలు బొక్కసమునకును చెల్లింపవలెనని విధించెను. ఇన్ని లక్షల వరహాలని ఆయన చెప్పలేదు. అంకె వానతో మారును, పాలు మారదు. కరవునాడును, పంటనాడును నిలుచు లక్ష్యమది. ఇంతపాటి ఉపన్యాసమిచ్చి, నేను గెలిచినవానివలె ఇద్దరివైపును చూచితిని.

అల్లుడు: అయ్యా, రాయలవారికి బొక్కసముండెను. నాకు బ్యాంకుఅప్పు ఉన్నది. బ్యాంకువాడు నెలనెల అయిదవ తేదీన పాలు అడుగడు, అంకె అడుగును. చెరువు నిండలేదని చెప్పిన వినడు. మగ్గము ఆగిన దినమున నేతగాని కూలి ఆగదు. పింఛను వచ్చువారు పాళ్లను గూర్చి మాటలాడుట సుళువు.

ఆ చివరిమాట అనవలసినది కాదు. ఐనను అది అబద్ధమును కాదు. నిలువ గలవానికి పాళ్లు చాలును. నిలువ లేనివాడు అంకెను పట్టుకొని ఈదవలసినదే. రాయలవారిని తెచ్చి ఈ పండ్రెండు మగ్గములవాని నెత్తిన పెట్టుట నా తప్పేయని ఒప్పుకొనుచున్నాను. మామ కోపగించుకొనలేదు, చేతికర్రతో నేలమీద గీతలు గీయుచు, తోపు వాకిట పడుకొన్న కుక్కను పిలువుమని అల్లునికి చెప్పెను.

అల్లుడు పిలిచెను. అది లేవలేదు.

రాజపాళయపు జాతికుక్క అది. 2005లో మన ప్రభుత్వము దేశవాళి కుక్కలకు తపాలబిళ్లలు వేసినప్పుడు ఆ నాలుగింటిలో ఈ జాతియు ఒకటి. పాలవంటి మేను, గులాబిరంగు ముక్కు, పొడవైన కాళ్లు. వేటకును కాపలాకును పేరుపొందినది. మచ్చలేని తెలుపే కావలెనని తరతరములు జత కూర్చినవారు ఆ తెలుపును సాధించిరి. ఆ తెలుపుతోపాటు కొన్ని పిల్లలకు పుట్టుచెవుడును వచ్చినది. ఈ కుక్క అట్టిది.

మామ: తెలుపు కోరుట తప్పని నేననను. చెవులు చూచుకొనినవాడు లేడు. అంతే నా మాట.

అల్లుడు ఏమియు అనలేదు. రెండవపుట తీసి, ఇందులో తప్పేమో చెప్పుమన్నట్లు మామ ముందు పెట్టెను. ఆ పుటను గూర్చిన చర్చ చప్పున ముగిసినది. నాలుగింటికి లేచి యేమి చేయుదువని మామ యడుగగా, అది యింకను వ్రాసికొనలేదని అల్లుడు నవ్వెను. పుస్తకములను లెక్కపెట్టి చదువువాడు సన్నపుస్తకములనే ఏరుకొనునని, కిలోలు లెక్కపెట్టిన మిల్లు ముదుకనూలు వడకునట్లేనని మామ అనెను. సొంత యింటి వద్ద మాత్రము కొంత నిలిచెను.

మామ: మన పి.ఎస్. కుమారస్వామిరాజుగారు 1949 ఏప్రిలులో మదరాసు రాష్ట్రమునకు ప్రధాని, నేటి మాటలో ముఖ్యమంత్రి, యైరి. 1952 ఎన్నికలలో మన శ్రీవిల్లిపుత్తూరులోనే ఓడిరి. రెండేండ్లకు ఒడిస్సాకు గవర్నరైరి. పదవుల పట్టిక వ్రాసికొని బ్రదికినవానికి ఆ నడుమనున్న ఓటమి దాటరాని గుంటయై యుండును. ఇంటి మాటకు వత్తునా? ఆయన తన యింటిని గాంధి కలైమన్ఱమునకు ఇచ్చివేసిరి. నీవు కట్టుకొనుము, వద్దనను. నీ పట్టికలో ఇచ్చుటకు ఒక గడి యున్నదా అని మాత్రమే అడుగుచున్నాను.

అల్లుడు: ఈ ఐదేండ్లకు లేదు, మామయ్యా.

ఈ నిజాయితీ నాకు నచ్చినది. దానము గడిని అలంకారమునకు నింపువారు ఎందరో కలరు.

ప్రొద్దు కొండల వెనుకకు పోయినది. మామ ఇంటిలోనికి పోయి, అంగుళము పొడవున్న యొక మడతభూతద్దము తెచ్చెను. గుడ్డమీద ఆనించి, అంగుళములో పోగులు ఎన్నియో లెక్కించుటకు మిల్లులలో వాడునది. ఇత్తడి అంచులు అరిగి మెరయుచున్నవి.

మామ: నీ మగ్గము నిమిషమునకు ఎన్ని పేకపోగులు వేయును?

అల్లుడు: నూటయేబది.

మామ: అంగుళమునకు ఇరువది పోగులైన?

అల్లుడు: నిమిషమునకు ఏడున్నర అంగుళముల గుడ్డ.

మామ: పదునైదు పోగులైన?

అల్లుడు వెంటనే పలుకలేదు. లెక్క తెలియక కాదు.

అల్లుడు: పది అంగుళములు.

మామ: మగ్గము కొనకుండ, మనిషిని పెట్టకుండ, వేగము పెంచకుండ మూడవవంతు గుడ్డ ఎక్కువ వచ్చును. బ్యాంకుతేదీ దగ్గరపడిన రాత్రి ఈ లెక్క నీకు తోచును. తోచకమానదు, నాకు పళ్లచక్రము తోచలేదా? నా నూలు తెగినది గంజితొట్టిలో. నీ గుడ్డ పడునది ఎవనిదో గాయముమీద.

అల్లుడు: అందుకే కొనువారు పరీక్షించి పుచ్చుకొందురు. కాటా వారి దగ్గర నున్నది.

మామ: కాటా నీ దగ్గర నుండవలెను.

ఆ రాత్రి ఇద్దరిలో ఎవరును ఓడినట్లు ఒప్పుకొనలేదు. నలువదియెనిమిది ఎక్కువయని మామ, తక్కువయైన అప్పు తీరదని అల్లుడు, భోజనమువద్దను అదే పాట పాడిరి. మఱునాడు నేను శ్రీవిల్లిపుత్తూరునకు మరలుచు చత్రపట్టిలో దిగి ఆ మగ్గముల కొట్టము చూచితిని. గోడమీద నల్లబల్ల యొకటి, దానిపై 48 అను అంకె. అది చెరగలేదు, తగ్గలేదు. దాని ప్రక్కన 20 అను మఱియొక అంకె తడిసుద్దతో క్రొత్తగా వ్రాయబడియున్నది. బల్ల క్రింది మేకునకు ఇత్తడి అంచుల భూతద్దము దారముతో కట్టి వ్రేలాడుచున్నది. ఆ దారమునకు పురి బాగుగనే యున్నది, లాగి చూచితిని.